ప్రొఫైల్ పేజీ ఎవరి కోసం?

పోయిన నెలలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలి వాళ్ళమ్మగారు చనిపోయారని ఎవరో చెబితే తెలిసింది. తనతో మాట్లాడి పన్నెండేళ్ళు దాటింది. ఫోన్ నంబరు లేదు. అందరూ చేసే పనే నేనూ చేశాను, పేరు కొట్టి వెతికాను. అదే పేరుతో పదిహేను మందికి పైగా వచ్చారు. వరసగా గుండ్రటి బొమ్మలు. ఒక గులాబీ, ఒక సూర్యాస్తమయం, ఒక పసిపాప, సముద్రం వైపు తిరిగి నిలబడ్డ ఎవరిదో వీపు. ఒక్కొక్క పేజీ తెరిచి చూశాను. గులాబీ ఉన్న పేజీలో కవర్ ఫోటో నిండా పుస్తకాలున్నాయి. నా స్నేహితురాలికి పుస్తకాల పిచ్చి. తనే అయ్యుంటుందనుకుని, "అమ్మ గురించి ఇప్పుడే తెలిసింది, నమ్మలేకపోతున్నాను" అంటూ పెద్ద మెసేజ్ రాసి పంపాను.

మర్నాడు పొద్దున జవాబు వచ్చింది. "మీరెవరో నాకు తెలియదండీ. మీ మెసేజ్ చూసి భయపడి మా అమ్మకి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. అమ్మ బాగానే ఉంది."

ఫోను ఎత్తని ఆ కాసేపట్లో ఆమె పడ్డ టెన్షన్ నా వల్లే. క్షమించమని రాశాను. ఆమె పెద్ద మనసుతో "ఫర్వాలేదండీ, మీ స్నేహితురాలికి నా తరఫున కూడా సానుభూతి చెప్పండి" అంది. ఆ మాటతో నాకు ఇంకా బాధ కలిగింది. ఎందుకంటే ఇలాంటి పేజీలు డిజైన్ చేయడమే నా ఉద్యోగం. ఇప్పటిదాకా మూడు యాప్‌లకు ప్రొఫైల్ పేజీ చేశాను. నాలుగోది ఇప్పుడు చేతిలో ఉంది. ఆ మెసేజ్ పంపేటప్పుడు నేను తొందరపడ్డ మాట నిజమే. కానీ పదిహేను పేజీలు తెరిచి చూసిన మనిషికి ఒక్క పేజీ కూడా "నువ్వు వెతికేది నన్ను కాదు" అని చెప్పలేకపోయింది. ఆ రోజు నుంచి నా బుర్రలో తిరుగుతున్నదే ఈ పోస్టు.

ఆ గులాబీ పేజీని మళ్ళీ తెరిచి ఈసారి డిజైనర్‌గా చూశాను. ఫోను తెరలో పై మూడో వంతు కవర్ ఫోటోకే పోయింది. దాని కింద గుండ్రటి డీపీ. పక్కన పేరు. బయోలో ఎవరో పెద్దలు అన్న మాట ఒకటి, రెండు వరసల్లో. దాని కింద పోస్టులెన్ని, ఫాలోవర్లెంతమంది అని అంకెలు. ఆపైన రెండు పెద్ద బటన్లు, ఫాలో అవ్వమని ఒకటి, మెసేజ్ పంపమని ఇంకొకటి. అంతటితో మొదటి తెర అయిపోయింది. అందులో పేరు తప్ప మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఎక్కడ చదివింది, ఏం పని చేస్తుంది అన్న వివరాలు "గురించి" అన్న చోట, రెండు నొక్కుల అవతల ఉన్నాయి. నేను అంత దూరం వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే తెలిసేది. కానీ మెసేజ్ బటన్ మాత్రం కళ్ళెదుటే, బొటనవేలికి అందే చోటే ఉంది. ఎవరికి పంపుతున్నామో తేల్చుకోవడం కష్టంగానూ, పంపేయడం సులువుగానూ ఉంటే ఇలాంటి పొరపాట్లు జరగక మానవు.

నేను చేసిన మూడు పేజీలూ సరిగ్గా అలాగే ఉన్నాయి.

ఖాతాదారు చూడని పేజీ

సోషల్ నెట్‌వర్క్ అంటే ఏమిటో డానా బాయ్డ్, నికోల్ ఎలిసన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఒక నిర్వచనం ఇచ్చారు. అందులో మొదటి అంశమే ప్రొఫైల్. పరిచయాల జాబితా, ఆ జాబితాల వెంట ఒకరి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్ళగలగడం ఆ తర్వాతే వస్తాయి. అంటే మిగతాదంతా నిలబడేది ఈ పేజీ మీదే. అయినా నేను పని చేసిన ప్రతి చోటా ఫీడ్‌కి (అందరి పోస్టులూ వరసగా వచ్చే చోటు) పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా ప్రొఫైల్‌కి పెట్టలేదు. రోజూ తెరిచేది ఫీడే కదా అంటారు. నిజమే. కానీ ప్రొఫైల్ దగ్గరికి ఊరికే ఎవరూ రారు. ఒక ప్రశ్న పట్టుకుని వస్తారు. ఇతను ఆ మనిషేనా? ఈ అకౌంట్ అసలుదా, నకిలీదా? ఈమె రాసేవి నాకు పనికొస్తాయా? మాట్లాడొచ్చా?

ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆ పేజీ సొంతదారుకి ఉండదు. తనెవరో తనకి తెలుసు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పేజీని నింపేది ఖాతాదారు, చదివేది కొత్తవాళ్ళు. పైగా ఇద్దరికీ కనిపించే పేజీ ఒకటి కాదు. కొత్తవాళ్ళకి ఫాలో బటన్ ఉన్న చోట ఖాతాదారుకి "ఎడిట్" కనిపిస్తుంది. వాళ్ళకి కనిపించని పోస్టులు తనకి కనిపిస్తాయి. చాలా యాప్‌లలో, బయట ఎలా ఉందో చూడాలంటే ఇంకొకరి ఫోను అడగాల్సిందే.

మా రెండో యాప్‌ని వాడి చూసే పరీక్షకి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఆయన సొంత పేజీనే కొత్తవాళ్ళకి ఎలా కనిపిస్తుందో అలా తెరిచి ఆయన చేతిలో పెట్టాను. కాసేపు చూసి, "ఇదెవరిదమ్మా?" అన్నారు. "మీదే మాస్టారూ" అన్నాను. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. "నా ఫోన్ నంబరు ఇలా బయటికి కనిపిస్తోందా? ఎప్పట్నుంచి?" అకౌంట్ తెరిచిన రోజు నుంచీ కనిపిస్తోంది, దాదాపు ఆరేళ్ళుగా. చేరేటప్పుడు నంబరు అడిగారు, ఇచ్చారు. అది పేజీ మీద అందరికీ కనిపిస్తుందని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయన నన్ను కోప్పడలేదు. నంబరు తీసేయించుకుని, మౌనంగా మిగతా పరీక్ష పూర్తి చేశారు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తుంది.

ఫేస్‌బుక్‌లో "వ్యూ యాజ్" అని ఒక సౌకర్యం ఉంది. అద్దంలో చూసుకున్నట్టు, మన పేజీని వేరేవాళ్ళ కళ్ళతో చూసుకోవచ్చు. నా దృష్టిలో ప్రొఫైల్ పేజీల చరిత్రలో వచ్చిన మంచి ఆలోచనల్లో అది ముందు వరసలో ఉంటుంది. 2018 సెప్టెంబరులో ఆ సౌకర్యంలోని లోపాన్ని పట్టుకునే దుండగులు లోపలికి చొరబడ్డారు. దాదాపు 3 కోట్ల మంది ఖాతాల యాక్సెస్ టోకెన్లు (పాస్‌వర్డ్ అడగకుండా ఖాతా తెరిచే తాళంచెవుల్లాంటివి) పోయాయి. ఆ సంస్థ వెంటనే దాన్ని ఆపేసి, 2019లో కొంత తగ్గించి తిరిగి తెచ్చింది. ఈ ఘటన చెప్పి మా టీమ్‌లో ఒకతను "అందుకే మనకొద్దు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ లోపం రాసిన కోడ్‌లో ఉంది. అద్దం అవసరం అలాగే ఉంది. నా అభిప్రాయం ఇంకా గట్టిది. అద్దాన్ని సెట్టింగ్స్ లోపల దాచకూడదు. ఎవరైనా పేజీలో ఏ మార్పు చేసినా, సేవ్ నొక్కగానే ముందు కొత్తవాళ్ళకి కనిపించే రూపమే రావాలి. "బయటివాళ్ళకి మీరు ఇలా కనిపిస్తారు" అని.

డిజైన్ చేసేవాళ్ళకి కూడా ఈ అద్దం లేదు. మా నమూనా పేజీల్లో ఎప్పుడూ అందమైన ఫోటో, రెండు మాటల పేరు, సరిగ్గా రెండు వరసల బయో, వందల్లో పోస్టులు ఉంటాయి. నిజంగా యాప్ విడుదలయ్యాక చూస్తే సగానికి సగం పేజీల్లో ఫోటో లేదు, బయో ఖాళీ, పోస్టులు సున్నా. ఖాళీ పేజీ ఎలా ఉండాలో మేం ఆలోచించలేదు. ఫోటో పెట్టనివాళ్ళకి పెట్టే బొమ్మ కూడా చిన్న విషయం కాదు. ట్విట్టర్ ఏళ్ళ తరబడి గుడ్డు బొమ్మ పెట్టింది. వేధించడానికి అకౌంట్ తెరిచేవాళ్ళు ఫోటో పెట్టేవాళ్ళు కాదు కాబట్టి గుడ్డు బొమ్మ అంటేనే జనానికి అనుమానం పట్టుకుంది. ఏ పాపం ఎరగకుండా ఊరికే ఫోటో పెట్టనివాళ్ళు కూడా ఆ అనుమానం మోశారు. చివరికి 2017లో దాన్ని తీసేశారు.

పేర్ల సంగతి కూడా అంతే. ఇంటిపేరు ముందు రాసుకునే భాషలు చాలా ఉన్నాయి. జాబితాలో చోటు చాలక పేరు చివర కత్తిరించి మూడు చుక్కలు పెడితే వాళ్ళ అసలు పేరే పోతుంది, ఒక ఇంట్లోవాళ్ళంతా ఒకే పేరుతో మిగులుతారు. గుడులు, వత్తులు ఉన్న లిపిలో పేరు రాస్తే పైనా కిందా అంచులు తెగిపోవడం నేను మా సొంత యాప్‌లోనే చూశాను. వరస ఎత్తు నాలుగు పిక్సెళ్ళు పెంచితే సరిపోయింది. అడిగినవాళ్ళు లేక అంతకాలం ఆగింది.

విన్నప్పుడు తెలిసింది

మూడో యాప్ పనిలో ఉన్నప్పుడు చూపు లేని ఒక అమ్మాయి పరీక్షకి వచ్చింది. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వేసుకుని మా పేజీ తెరిచింది. ఆమె వినే వేగం నాకు అందదు కాబట్టి నా కోసం నెమ్మది చేసింది. నేను గీసిన పేజీని నేను వినడం అదే మొదటిసారి.

మొదట "ఇమేజ్" అంది. అది కవర్ ఫోటో. మళ్ళీ "ఇమేజ్". అది డీపీ. తర్వాత "బటన్", పేరు లేని బటన్. మూడు చుక్కల మెనూ అది. తర్వాత ఒక అంకె, తర్వాత ఇంకో అంకె. ఆ తర్వాతెప్పుడో పేరొచ్చింది. ఆ పేరు గలాయన స్టైల్‌గా ఉంటుందని వంకర అక్షరాలు తెచ్చి అతికించుకున్నాడు. అవి మామూలు ఇంగ్లిష్ అక్షరాలు కావు. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టికలో, లెక్కల కోసం పెట్టిన గుర్తులు. కంటికి అక్షరాల్లా కనిపిస్తాయి. రీడర్ ఒక్కో అక్షరం దగ్గరా "మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ క్యాపిటల్" అంటూ వెళ్ళింది. పేరు పూర్తయ్యేసరికి అతనెవరో మా ఇద్దరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత బయోలో వరసగా పెట్టిన ఎమోజీలు, ఒక్కొక్కదాని పేరూ చదివింది.

ఆ అమ్మాయి ఫోను బల్ల మీద పెట్టి, "పేరు ముందు చెప్పండి మేడం, మిగతాది నేను చూసుకుంటాను" అంది.

డిజైన్ గురించి నేను చదివిన చాలా పుస్తకాల కంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ ఉపయోగపడింది. పేరు ముందు. ఆమెకి మాత్రమే కాదు, అందరికీ. ఆ తర్వాత పేజీలన్నీ ముందు చెవితో వినడం అలవాటు చేసుకున్నాను. ఏది ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్న కంటికంటే చెవికి నిజాయితీగా తెలుస్తుంది. కంటిని రంగులతో, సైజులతో మాయ చేయొచ్చు. చెవికి వరస ఒక్కటే ఉంది.

కొలతల గురించి పెద్దగా వాదించాల్సింది లేదు, అవి ఎప్పుడో తేలిపోయాయి. అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి. 2023లో వచ్చిన 2.2 వెర్షన్ నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ళ చదరం ఉండాలంటుంది. ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 అంటాయి. ఇవన్నీ తెలిసి కూడా కవర్ ఫోటో మీద తెల్ల అక్షరాలతో పేరు వేసే పేజీలు ఇప్పటికీ వస్తున్నాయి. నమూనాలో ముదురు నీలం ఫోటో ఉంటుంది కాబట్టి పేరు మెరిసిపోతుంది. ఖాతాదారు మబ్బుల ఫోటో పెట్టగానే పేరు మాయమవుతుంది. మరీ బాధ కలిగించేది బ్లాక్, రిపోర్ట్ బటన్లు పెట్టే చోటు. ఎవరైనా వేధిస్తుంటే చేతులు వణుకుతూ ఆ పేజీకి వచ్చే మనిషికి అవి మూడు చుక్కల వెనక, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

పువ్వు వెనక ఉన్న మనిషి

ఇక్కడిదాకా చదివినవాళ్ళకి నా వాదం తేలిగ్గానే అర్థమై ఉంటుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు పైకి తేవాలి, అలంకారం తగ్గించాలి. నేను కూడా అంతే అనుకున్నాను. మా ఆఫీసులో నాకంటే సీనియర్ ఒకావిడ ఉన్నారు, అక్కా అని పిలుస్తాను. గులాబీ పేజీ సంగతి చెప్పి, "డీపీలో మొహం, కింద చదువు, ఊరు, ఇద్దరికీ తెలిసిన స్నేహితులు. ఈ మూడూ మొదటి తెర మీదుంటే ఆ పొరపాటు జరిగేదే కాదక్కా" అన్నాను.

ఆవిడ తన పేజీ తెరిచి చూపించారు. ఆకుల బొమ్మ ఉంది. "ఇది నేను ఊరికే పెట్టుకోలేదు. నన్ను ఎవరూ గుర్తుపట్టకూడదనే పెట్టుకున్నాను" అన్నారు. పాత ఉద్యోగంలో ఒకతను ఆవిడ వెంటపడ్డాడట. అకౌంట్ మార్చి, పేరులో సగం తీసేసినా మళ్ళీ పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడో తెలుసా అని అడిగారు. ఇద్దరికీ తెలిసిన స్నేహితుల జాబితా చూసి. నేను పైకి తెద్దామన్న మూడింటిలో మూడోది.

నాకు నోట మాట రాలేదు.

ఆ సాయంత్రం నుంచి నా వాదం మీద నాకే అనుమానం మొదలైంది. పన్నెండేళ్ళ తర్వాత వెతుక్కుంటూ వచ్చిన స్నేహితురాలికీ, వదలకుండా వెంటాడేవాడికీ పేజీ దగ్గర కావలసింది ఒకటే, "ఇది ఆమేనా?" ఒకరికి జవాబు చెబితే ఇంకొకరికీ చెప్పినట్టే. తెర మీది గీతలు సర్ది దీన్ని పరిష్కరించలేం. ఫేస్‌బుక్ 2017లో డీపీని ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోకుండా కాపలా పెట్టే సౌకర్యాన్ని, 2020లో మొత్తం ప్రొఫైల్‌కే తాళం వేసే సౌకర్యాన్ని తెచ్చింది. ఆడవాళ్ళు తమ మొహం పెట్టడానికి భయపడుతున్నారని వాళ్ళకీ తెలిసే చేశారు. తాళం మంచిదే. కానీ తాళం వేసిన పేజీ కూడా పైకి మామూలు పేజీలానే కనిపిస్తే, నాలాంటివాళ్ళు గులాబీని చూసి ఊహించుకుంటూనే ఉంటారు.

"మరి ఎవరికి ఏది కనిపించాలో ఖాతాదారే ఎంచుకోనిద్దాం" అంటారు. చెప్పడానికి సులువు. స్నేహితులకి ఒకటి, స్నేహితుల స్నేహితులకి ఒకటి, అందరికీ ఒకటి, ఒక్కో వివరానికీ విడివిడిగా. ఇలాంటి సెట్టింగ్స్ పేజీ మా మొదటి యాప్‌లో నేనే చేశాను. ఎంతో శ్రమపడ్డాను కూడా. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిచినవాళ్ళు చదివి, అర్థం కాక, ఏదీ ముట్టుకోకుండా వెనక్కి వెళ్ళిపోయారు. అందుకే ఎంపికలు పెంచుకుంటూ పోవడం మీద నాకు నమ్మకం లేదు. డిజైనర్ తేల్చుకోలేని ప్రశ్నని ఖాతాదారు నెత్తిన పెట్టడం అవుతుంది అది.

చాలా రోజులు ఆలోచించాక నేను వచ్చి ఆగిన చోటు ఇది. గుర్తుపట్టించుకోవాలని ఉన్నవాళ్ళకి పేజీ సాయం చేయాలి. వద్దనుకున్నవాళ్ళ తరఫున ఆ మాట పేజీయే పైకి చెప్పాలి. "వీరు తమ వివరాలు బయట పెట్టలేదు" అని పేరు కిందే ఒక వరస. అంతే. చదువు వివరమో, ఈ మాటో, ఏదో ఒక్క వరస గులాబీ కింద ఉండి ఉంటే నేను పుస్తకాల అల్మరా చూసి ఊహించేదాన్ని కాదు, ఆగేదాన్ని. వెంటాడేవాడికి ఆ వరస కొత్తగా ఏమీ చెప్పదు. అన్నిటికంటే చెడ్డది చెప్పీ చెప్పనట్టుండే పేజీ. అటు స్నేహితులకి దారి దొరకదు, ఇటు మనిషికి రక్షణా ఉండదు.

ఇంకొకటి కూడా ఉంది. నేనెవరో చెప్పుకునే బాధ్యత వెతికేవాళ్ళ మీద పెట్టాలి. పరిచయం లేనివాళ్ళకి మొదటి మెసేజ్ పంపేటప్పుడు ముందు ఒక చిన్న పెట్టె రావాలి, "మీరు వీరికి ఎలా తెలుసు?" అని. అవతలివాళ్ళకి మొదట ఆ ఒక్క వరసే కనిపించాలి. "కాలేజీలో మీతో చదివాను" అని నేను రాసేదాన్ని. గులాబీ ఆవిడ అది చూసి, ఈ పేరు నాకు తెలియదే అనుకుని, లోపలి మెసేజ్ తెరవకుండానే "మీరు పొరబడ్డారు" అని నొక్కేసేది. వాళ్ళమ్మకి ఫోన్ చేయాల్సిన అవసరం రాకపోయేది. అక్కకి ఈ ఆలోచన చెబితే, "వాడు అబద్ధం రాస్తాడు" అన్నారు. రాస్తాడు. కానీ తలుపు తీయాలా వద్దా అన్నది అప్పుడు ఆవిడ చేతిలో ఉంటుంది. దీనికి ఆవిడ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

అంకెలు, టిక్కులు

ఫాలోవర్ల అంకె మొదటి తెర మీద అంత పెద్దగా ఎందుకుండాలి అన్నది మా టీమ్‌లో ఎప్పుడూ నడిచే గొడవ. నాకది ఇష్టం లేదు. మనిషి దగ్గరికి వచ్చినవాళ్ళకి ముందు ఆ మనిషి విలువ అంకెల్లో చెప్పడం నాకు నచ్చదు. లైకుల అంకె దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్ 2021లో ఇచ్చింది. ఫాలోవర్ల అంకె మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది.

మా ప్రాడక్ట్ మేనేజర్ వాదం కొట్టిపారేయదగ్గది కాదు. "నకిలీ అకౌంట్‌ని జనం పట్టుకునేది ఆ అంకె చూసే. పేరున్న మనిషి పేజీలో నలభై మంది ఫాలోవర్లుంటే వెంటనే అర్థమైపోతుంది" అంటాడు. నిజమే, నేనూ అలాగే పట్టుకుంటాను. కానీ ఫాలోవర్లని కొనుక్కోవచ్చు కదా. టిక్కు సంగతీ చూశాం. ట్విట్టర్ 2009లో నీలం టిక్కు మొదలుపెట్టినప్పుడు దానికి ఒకే అర్థం ఉండేది, ఈ మనిషి ఎవరో మేం సరిచూశాం అని. 2022 నవంబరులో డబ్బు కట్టినవాళ్ళకి అదే టిక్కు ఇవ్వడం మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఎవరో అకౌంట్ తెరిచి, టిక్కు కొని, ఇన్సులిన్ ఇక ఉచితం అని పోస్టు పెట్టారు. అది తమది కాదని కంపెనీ చెప్పి క్షమాపణ కోరాల్సి వచ్చింది. గుర్తు మారలేదు, రంగు మారలేదు, దాని అర్థం ఒక్కటే మారింది. చూసే కంటికి అది ఎలా తెలుస్తుంది?

నేను నమ్మేది తారీకుల్ని. ఈ అకౌంట్ ఎప్పుడు తెరిచారు, పేరు ఎన్నిసార్లు మార్చారు. ఈ రెండింటినీ ఒక్క రోజులో కొనుక్కుని తేవడం కష్టం. ఇన్‌స్టాగ్రామ్‌లో "ఈ అకౌంట్ గురించి" అన్న చోటా, ఫేస్‌బుక్ పేజీల పారదర్శకత విభాగంలోనూ ఇలాంటి వివరాలు 2018 నుంచీ ఉన్నాయి. మరి అవి మెనూల లోపల ఎందుకు, అంకె పైన ఎందుకు? వేలమందికి చేరే అకౌంట్లకైనా ఆ తారీకు పేరు పక్కన పెట్టొచ్చు. మామూలు మనుషులకి అక్కర్లేదు. అక్క లాంటివాళ్ళకి అది కూడా ప్రమాదమే.

ఖాతాదారుకి కొంత స్వేచ్ఛ ఉండాలి కదా అని అడగొచ్చు. ఉండాలి. మైస్పేస్ అనే ఒకప్పటి సోషల్ నెట్‌వర్క్‌లో జనం తమ పేజీకి తామే కోడ్ రాసుకునేవాళ్ళు. చదవలేని రంగులు, వద్దన్నా మోగే పాటలు ఉండేవి, కానీ ఆ పేజీలు వాళ్ళవి అనిపించేవి. 2005 అక్టోబరులో సామీ కమ్‌కార్ అనే కుర్రాడు తన ప్రొఫైల్‌లో పెట్టిన చిన్న కోడ్, చూసినవాళ్ళ ప్రొఫైళ్ళలోకల్లా పాకుతూ ఒక్క రోజులోపే పది లక్షల ఖాతాలు దాటింది. ఆ తర్వాత వచ్చిన పేజీలన్నీ ఒకే మూసలోకి వెళ్ళడానికి అలాంటి భయం కూడా ఒక కారణం. నేను మూస వైపే ఉంటాను. ఏ పేజీకి వెళ్ళినా పేరు అదే చోట దొరకాలి. ఆర్కుట్ అనే పాత సోషల్ నెట్‌వర్క్ మాత్రం గుర్తొస్తుంది. 2014లో మూసేశారు. అందులో మన పేజీ మీద స్నేహితులు టెస్టిమోనియల్ (మన గురించి వాళ్ళ మాట) రాసేవాళ్ళు, మనం ఒప్పుకుంటేనే కనిపించేది. మన గురించి మనం రాసుకున్న మాటల కంటే వాళ్ళు రాసిన రెండు వాక్యాల్లోనే మనం ఎక్కువగా దొరికేవాళ్ళం. ఆ ఆలోచనని మళ్ళీ ఎవరూ సరిగ్గా తేలేదు.

బయో విషయంలో నాకొక చిన్న అనుభవం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 150 అక్షరాలు, ఎక్స్‌లో (పాత ట్విట్టర్) 160. చోటు తక్కువేం కాదు. ఖాళీ పెట్టెలో "మీ గురించి రాయండి" అని పెట్టినంతకాలం మా వాళ్ళు సూక్తులు రాశారు, లేదా ఏమీ రాయలేదు. అంత పెద్ద ప్రశ్నకి ఎవరు జవాబు చెప్పగలరు? ఆ మాట మార్చి, "పాత స్నేహితులు వెతుక్కుంటూ వస్తే మిమ్మల్ని దేన్నిబట్టి గుర్తుపడతారు?" అని పెట్టి కొద్దిమందికి చూపించాం. ఒకాయన వెంటనే "కాలేజీలో తబలా వాయించేవాణ్ణి" అని రాశారు. ఇంకొకావిడ "ముందు బెంచీ, ఎప్పుడూ ఆలస్యం" అని రాసింది. ఒకరు ఆ ప్రశ్న చదివి, వద్దని, ఖాళీగా వదిలేశారు. అది కూడా నాకు సరైన జవాబే అనిపించింది.

నా స్నేహితురాలు చివరికి దొరికింది. ఇంకో ఇద్దరిని అడిగి నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక తన పేజీ లింకు పంపింది. తెరిచాను. వెతికిన రోజున నేను ఆ పేజీని కూడా తెరిచి చూశాను. డీపీలో ఒక పెద్దావిడ మొహం ఉంది, ఇది ఎవరో పెద్దవాళ్ళ అకౌంట్ అనుకుని వెంటనే మూసేశాను. అది వాళ్ళమ్మ ఫోటో. అమ్మ పోయిన రోజునే మార్చిందట.

డీపీ అంటే మనిషిని గుర్తుపట్టడానికి అని వాదించే నేను, ఆ ఫోటో తీసి నీది పెట్టుకో అని ఆమెతో అనగలనా? అనలేను, అనకూడదు. ఆ గుండ్రటి చోటు ఆ సమయంలో ఆమెకి అవసరమైంది. కాబట్టి గుర్తుపట్టించే పని డీపీ మీద మోపకూడదు. పేరు కింద ఉండే ఆ ఒక్క వరసే దాన్ని మోయాలి. రాసుకునేవాళ్ళు రాసుకుంటారు, వద్దనుకున్నవాళ్ళ బదులు పేజీ చెబుతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న డిజైన్‌లో ఆ వరసకి చోటు లేదు. చిన్న ఫోన్లలో ఫాలో బటన్ కిందికి జారిపోతోందని రెండుసార్లు వెనక్కి పంపారు. కవర్ ఫోటో ఎత్తు మూడో వంతు నుంచి ఐదో వంతుకి తగ్గిస్తే సరిపోతుంది. ఈ రాత్రి ఆ కొలతతో మళ్ళీ గీశాను. బటన్ జారలేదు. సోమవారం మీటింగ్‌లో చూపిస్తాను. పక్కన అక్కని కూర్చోమని అడిగాను, వస్తానన్నారు.